కారవాన్ గృహప్రవేశం

మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో భార్గవ్ కట్టించిన ఇంటికి నాలుగు పడకగదులు. ఒకటి అతనికీ, భార్య తేజస్వినికీ. ఒకటి వాళ్ళ అబ్బాయిది. ఒకదాన్ని ఆఫీసు పనికని ఉంచుకున్నారు. మిగిలిన నాలుగో గది ఇద్దరు అమ్మలది. భార్గవ్ తల్లి శేషుకుమారి మంచం కిటికీ పక్కన, తేజస్విని తల్లి శ్రీదేవి మంచం తలుపు పక్కన. మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. ఇద్దరు వియ్యపురాళ్ళని ఒకే గదిలో పడుకోబెట్టాలన్న ఆలోచన ఎవరికి పుట్టిందో గానీ, ఆ పుణ్యాత్ములు ఆ గదిలో ఒక్క రాత్రి గడిపి చూస్తే తెలిసేది.

శేషుకుమారి బాపట్లలో లెక్కల టీచరుగా చేరి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. భర్త పోయాక కూడా ఒక్కతే ఉంది. తన తలుపు తనే తీసుకుంది, తనే వేసుకుంది. కొడుకు ఇల్లు కట్టుకుంటున్నానంటే బాపట్ల ఇల్లు అమ్మి ఆ డబ్బు అతని చేతిలో పెట్టి వచ్చేసింది. వచ్చేసరికి శ్రీదేవి అప్పటికే గదిలో పాతుకుపోయి ఉంది. ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో, కిటికీ ఎంతవరకు తెరవాలో, లైటు ఎప్పుడు ఆర్పాలో అన్నీ ఆవిడ ఇష్టం. ఫోన్‌లో సీరియల్ వీధి చివరికి వినపడేలా పెట్టేది. అది అయిపోతే ఆవిడే మొదలుపెట్టేది. పిల్లలు పొద్దున పోతే సాయంత్రం గానీ రారు, వచ్చినా పలకరించే తీరిక ఉండదు. ఆవిడ మాటలన్నీ కూడబెట్టుకుని శేషుకుమారి చెవిలో పోసేది. పుస్తకం తెరిస్తే చాలు, "ఏం చదువుతున్నారు వదినగారూ? పైకి చదవండి, నేనూ వింటా" అనేది. శేషుకుమారికి ఒళ్ళు మండిపోయేది. పైకి మాత్రం నవ్వేది. ఆడపిల్లనిచ్చిన వాళ్ళతో మాట పడకూడదని ఆమె పెద్దలు నేర్పారు మరి.

ఒకరోజు అన్నం తింటూ, ఏ కళనుందో, కొడుకుతో అనేసింది.

"నాకు వేరే తలుపు ఒకటి కావాలిరా. అంతే. మేడలొద్దు, మిద్దెలొద్దు."

భార్గవ్ తల్లిని ఎప్పుడూ పెద్దగా పట్టించుకోడు గానీ, ఏదైనా పని తలకెత్తుకుంటే మాత్రం ఒంటికాలి మీద నిలబడతాడు. పెరట్లో గది కట్టిద్దామంటే అనుమతులు దొరకవన్నాడు. అప్పుడే శ్రీదేవి రెండో కూతురు అపూర్వ న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి ఫోన్ చేసి, పక్కింటి ముసలాయన తన కారవాన్ అమ్మేస్తున్నాడని చెప్పింది. కారుకి తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లది, పెరట్లో నిలుపుకోవచ్చు. లోపల మంచం, చిన్న స్టవ్వు, సింకు, బట్టలకి అలమర. పాతదే అయినా చెక్కు చెదరలేదు. మెల్‌బోర్న్‌లో అలాంటివి దొరకవా అంటే వీధికొకటి దొరుకుతుంది. కానీ బేరం కుదిరిందంటే భార్గవ్‌కి ఒంటిమీద స్పృహ ఉండదు. దిగుమతి కాగితాలన్నీ తనే తిప్పలు పడి సంపాదించాడు. ఆ షరతుల్లో అన్నిటికన్నా గట్టిది శుభ్రం. మట్టి గానీ, గింజ గానీ, ఆకు గానీ, పురుగు గానీ ఉంటే ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరు. ఆ మాట అపూర్వ భర్త రాహుల్‌కి చెప్పాడు. రాహుల్ మనుషుల్ని పెట్టి కింద ఇరుసుల దాకా కడిగించాడు. ఇద్దరు మొగాళ్ళూ బాగానే మాట్లాడుకున్నారు. ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు.

శేషుకుమారి ఫోన్‌లో ఆ కారవాన్ ఫొటోలు చూసుకుంటూ కూర్చునేది. కిటికీలకి కర్టెన్లు తనే కుట్టింది. తెల్లవారుజామున లేచి ఎవరి నిద్రా చెడకుండా కాఫీ పెట్టుకోవచ్చు. పుస్తకం గుండెల మీద పెట్టుకుని అలాగే నిద్రపోవచ్చు. ఆమె మొహంలో కళ చూసి తేజస్విని కూడా "అత్తయ్యా, హనీమూన్‌కి వెళ్తున్నట్టున్నారు" అని ఏడిపించింది.

శ్రీదేవి నాలుగు రోజులు ముభావంగా తిరిగింది. ఐదో రోజున వచ్చి శేషుకుమారి మంచం మీద కూర్చుంది.

"వదినగారూ, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోరుగా. అది మీ ఇల్లే కదా? మరి పాలు పొంగించకుండా, నవధాన్యాలు పెట్టకుండా సముద్రం దాటిస్తారా? మీరు ఒంటరిగా పడుకునే చోటు. నాకు మనసొప్పట్లేదండీ."

"చక్రాల బండికి గృహప్రవేశమేమిటి వదినగారూ," అని శేషుకుమారి నవ్వేసింది.

"మనిషి ఉంటే ఇల్లే. మా అపూర్వ చేస్తుంది, మీరు ఊఁ అనండి. అన్నయ్యగారు ఉంటే ఆయనే చేయించేవారు."

చచ్చిపోయిన మొగుడి పేరెత్తేసరికి శేషుకుమారి కరిగిపోయింది. ఈ మనిషినా నేనిన్నాళ్ళూ తిట్టుకున్నాను అనుకుంది. సూట్‌కేసులో పప్పులూ గింజలూ తేకూడదని ఆమెకి తెలుసు. కానీ ఇల్లు సూట్‌కేసు కాదుగదా అనుకుంది. అంత లెక్కల టీచరుకీ ఈ లెక్క తప్పింది. వెంటనే అపూర్వకి వీడియో కాల్ చేసింది.

"చేస్తాను గానీ ఆంటీ, క్లీనింగ్ అయిపోయింది కదా, మళ్ళీ అవన్నీ చల్లితే ప్రాబ్లమ్ అవుతుందేమో, రాహుల్‌ని అడగనా?" అంది అపూర్వ.

శ్రీదేవి పక్కనుంచి ఫోన్‌లోకి తొంగిచూసింది. "పెద్దావిడ నోరు తెరిచి అడిగితే మొగుణ్ణి అడగాలా? అన్నీ చేసి, పైపైన తుడిచెయ్. మొగాళ్ళకెందుకు చెప్పడం?"

అపూర్వ అన్నీ చేసింది పాపం. స్టవ్వు మీద పాలు పొంగించింది, గుమ్మానికి పసుపు రాసింది, నాలుగు మూలలా అక్షింతలు చల్లింది, నవధాన్యాలు మూటకట్టి మంచం కింద పెట్టింది, చక్రం దగ్గర కొబ్బరికాయ కొట్టింది. తర్వాత పైపైన తుడిచింది. మూట తీస్తే అశుభమని ఉంచేసింది. వీడియోలో చూస్తూ శేషుకుమారి కళ్ళు తుడుచుకుంది. పక్కన కూర్చున్న శ్రీదేవి చెయ్యి పట్టుకుంది కూడా.

మెల్‌బోర్న్ రేవులో తనిఖీ వాళ్ళు మంచం ఎత్తి చూశారు. మూటకున్న గుడ్డ ఓడలోనే చిరిగిపోయింది. పెసలూ శనగలూ నేలంతా దొర్లాయి, వెచ్చటి గాలి వచ్చే గొట్టాల్లోకి పోయాయి, వాటిలో బతికున్న పురుగులున్నాయి. నేల మొత్తం ఊడదీసి పొగ పట్టించాలి, లేదంటే వెనక్కి పంపాలి, లేదంటే నాశనం చెయ్యాలి, ఏదైనా ఖర్చు మీదే అన్నారు. మొదటి రెండింటికీ అయ్యేదాంతో ఇంకో కారవాన్ వస్తుంది. భార్గవ్ మూడోదానికి సంతకం పెట్టి ఇంటికొచ్చాడు.

"ఎవరికి పుట్టింది ఈ ఐడియా?" అన్నాడు చెప్పులైనా విప్పకుండా.

శేషుకుమారి శ్రీదేవి వైపు చూసింది. ఆవిడ గోడకి ఆనుకుని తల దించుకుంది. ప్రేమతో చెప్పిన మనిషిని బజారుకీడ్చడం శేషుకుమారికి మనసొప్పలేదు.

"నేనే అడిగానురా."

"సీరియస్లీ అమ్మా? హెడ్మిస్ట్రెస్‌వి నువ్వు! వన్ థింగ్ అడిగావు, తెచ్చిపెడదామని ఎంత తిరిగానో తెలుసా? నీ చేతులారా నువ్వే పాడుచేసుకున్నావు. ఇంకెప్పుడూ వేరే తలుపూ గిలుపూ అని నా దగ్గరికి రాకు. అయిపోయింది. ఫినిష్."

కారవాన్‌ని యంత్రంలో వేసి నలిపేశారు. కుట్టిన కర్టెన్లు పనికిరాని గుడ్డల్లో కలిశాయి. శేషుకుమారి అన్నం సయించక కొన్నాళ్ళు మజ్జిగతో సరిపెట్టుకుంది. ఆ రోజుల్లో శ్రీదేవి ఆమెని కంటికి రెప్పలా చూసుకుంది, అది కూడా చెప్పాలి.

ఒక ఆదివారం తేజస్విని గిన్నెలు సర్దుతూ మాటవరసకి అంది.

"మమ్మీ అయినా మీకు చెప్పాల్సింది అత్తయ్యా. తను ఫస్ట్ టైమ్ వచ్చినప్పుడు నోముకని నవధాన్యాలు తెస్తే ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుని ఫైన్ వేశారుగా. ఎంత ఏడ్చిందో. అప్పట్నుంచి బియ్యపుగింజ చూస్తేనే భయపడేది."

శేషుకుమారి చేతిలో గ్లాసు కింద పెట్టి గదిలోకి వెళ్ళింది. శ్రీదేవి మంచం మీద బట్టలు మడతపెడుతోంది.

"మీకు తెలుసు," అంది శేషుకుమారి.

శ్రీదేవి తువ్వాలు మడత విప్పింది, మళ్ళీ పెట్టింది. అబద్ధమాడలేదు.

"తెలుసు. మీరు పెరట్లోకి పోతే ఈ గదిలో నేనొక్కదాన్నే అవుతాను. ఒక్క మనిషికి ఇంత గదెందుకని మావాళ్ళు అప్పుడే గుసగుసలాడుకున్నారు, నా చెవిన పడింది. నన్ను ఆక్లండ్ పంపించేద్దామని. అక్కడ అపూర్వ అత్తగారి కింద పడుండాలి నేను. ఆవిడ నన్ను కుక్క కన్నా హీనంగా చూస్తుంది వదినగారూ. మీకేం, మీరు కన్నది కొడుకుని. మీకెక్కడైనా చోటుంటుంది."

"నేను మీ మీద మాట పడనివ్వలేదు."

"చూశాను," అంది శ్రీదేవి. "దేవతండీ మీరు."

శేషుకుమారి భార్గవ్ దగ్గరికి వెళ్ళి చెప్పింది. అతను లాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "అప్పుడేమో నేనే అన్నావు, ఇప్పుడు అత్తయ్యగారి మీద తోస్తావా? ప్లీజ్ అమ్మా, తేజూ వింటే ఇంట్లో రచ్చ," అన్నాడు. ఆమె మళ్ళీ ఆ గదికే వెళ్ళింది. వేరే ఎక్కడికి పోతుంది? ఆ రోజు నుంచి శ్రీదేవితో ఒక్క మాట మాట్లాడలేదు. శ్రీదేవి బతిమాలింది, ఏడ్చింది, సీరియల్ సౌండ్ తగ్గించింది, కిటికీ పూర్తిగా తెరిచింది. శేషుకుమారి పుస్తకంలోంచి కళ్ళెత్తలేదు. అసహ్యం అంటే ఏమిటో ఆమెకి అంత వయసులో కొత్తగా తెలిసింది. అందులో ఒక రుచి ఉందని కూడా తెలిసింది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, శ్రీదేవి స్నానాలగదిలో జారిపడింది. ధబ్బున శబ్దం వచ్చింది. కాసేపటికి మూలుగు.

"వదినగారూ... లేవలేకపోతున్నా... వదినగారూ..."

శేషుకుమారికి స్పష్టంగా వినపడింది. పేజీ తిప్పింది. చదివింది కూడా, కళ్ళు ఊరికే నడిపించలేదు. పిలుపు సన్నబడింది, ఆగింది, మళ్ళీ మొదలైంది. అధ్యాయం పూర్తి చేసి, గుర్తు పెట్టి, అప్పుడు లేచి వెళ్ళి చూసి భార్గవ్‌కి ఫోన్ చేసింది.

"మీ అత్తగారు పడ్డారురా. నేను పడుకున్నాను, ఇప్పుడే చూశా."

నేలమీద పడున్న శ్రీదేవి ఆ మాట విన్నది.  అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే శేషుకుమారి మణికట్టు పట్టుకుంది.

"మీకూ నాకూ చెల్లుకి చెల్లు వదినగారూ. నా మంచం మాత్రం తీయనివ్వకండి. మీ కాళ్ళు పట్టుకుంటా."

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. లేచి నడవడానికి చాలాకాలం పడుతుందన్నారు. తేజస్విని ఆస్పత్రి నుంచి వచ్చి, ఎర్రబడిన కళ్ళతో అత్తగారి ముందు కూర్చుంది.

"మాకిద్దరికీ లీవ్ లేదు అత్తయ్యా. పగలు మీరు కాస్త కనిపెట్టుకుని ఉంటానంటే మమ్మీని ఇక్కడికే తెస్తాం. లేదంటే కొంచెం కోలుకోగానే అపూర్వ దగ్గరికి పంపక తప్పదు. మమ్మీ మాత్రం మిమ్మల్నే అడగమంటోంది. వదినగారు కాదనరు, చూడు అంటోంది."

శేషుకుమారి కోడలి తల నిమిరింది.

"నా వల్ల కాదమ్మా, నాకూ వయసయింది," అంది. "ఆ మంచం కూడా తీసేయండి. నడవడానికి అడ్డంగా ఉంది."

శనివారం భార్గవ్ మంచం విప్పాడు. పలకలు ఒక్కొక్కటే బయటికి మోస్తుంటే శేషుకుమారి తలుపు పట్టుకుని నిలబడింది. ఆఖరి పలక గడప దాటాక తలుపు లోపలినుంచి వేసుకుని, గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆమెకి హాయిగానే ఉంది.