ఎనిమిదో నెలలో ఆగిన టికెట్టు

పైడమ్మ కేకలకు ఆ పొద్దున టాటానగర్ భుయ్యాడీహ్‌ బస్తీలో ఇరుగుపొరుగు తలుపులన్నీ తెరుచుకున్నాయి. కౌలాలంపూర్‌లో కాపురం ఉంటున్న ఆమె కూతురు కల్పనను అక్కడి ఎయిర్‌పోర్టులో విమానం ఎక్కనివ్వలేదు. ముప్పై ఆరు వారాలు దాటాయి, ఎక్కించుకోం అని వెనక్కి పంపేశారట.

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. అందుకని పైడమ్మ గది కడిగించి, మెత్తటి పాతచీరలు ఉతికి మడతపెట్టి, బాలింతకు పెట్టే కాయం మందు కూడా దంచి ఉంచింది. ఇప్పుడు ఆ కాయం ఎవరు తినాలి?

"ఏటి బాబూ, ఇంజినీరు సదివి ఈమాత్రం కనుక్కోరా?" అని ఫోనులో అల్లుడు ప్రేమ్‌కుమార్‌ని నిలదీసింది. "'కోల్‌కతాకి నాలుగ్గంటలే అత్తయ్యా, ఎప్పుడంటే అప్పుడు వచ్చేత్తాం' అని మీరే అన్నారు కదా!"



నాలుగ్గంటలట! ఇరవై ఆరు వందల కిలోమీటర్లను ఫోనులో చూసి నాలుగ్గంటలని తేల్చేసిన పెద్దమనిషికి దండం పెట్టాలి. టాటానగర్ నుంచి హౌరా పోవడానికి రైలే అంతసేపు తీసుకుంటుంది. విమానం ఎంతసేపు ఎగురుతుందో అందరూ చెబుతారు, ఎవరిని ఎక్కనివ్వరో ఒక్కరూ చెప్పరు. పోనీ తనే వెళ్దామంటే పాస్‌పోర్టు లేదు. అది చేతికొచ్చేసరికి బిడ్డ బోర్లా పడుతుంది.

"ఆ కుర్రోడి మీద ఇరుసుకుపడతావేటి?" అన్నాడు మొగుడు ఆదిబాబు. కార్ఖానాలో క్రేను నడిపి రిటైరైన మనిషి, ఇంట్లో నోరు విప్పేది తక్కువ. "పోయిన నెల టికెట్టు తీత్తే ఆపిందెవులు? నువ్వు కాదా?"

నిజమే. ఆ ప్రయాణం ఎనిమిదో నెల వచ్చిన రెండో రోజున పడింది. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్ల ఊరు దాటకూడదని పైడమ్మే పట్టుబట్టి ఆ టికెట్టు రద్దు చేయించింది. తొమ్మిదో నెలలో తెచ్చుకుందాంలెమ్మంది.

మరుక్షణం ఆమెకు ఇంకా మండింది. "నేనంటే సదువులేనిదాన్ని. మీరంతా నా మాట ఇనేసేరేటి? నన్ను నాలుగు తిట్టయినా దాన్ని ఎక్కించొద్దా?"

"బస్ కరో మమ్మీ, ఇక చాలు," అంటూ అవతల కల్పన ఫోను అందుకుంది. "ఎవర్ని తిట్టి ఏం లాభం? నాకు భయంగా ఉంది. నువ్వు పక్కనుంటావనుకున్నా."

పైడమ్మకు దుఃఖం తన్నుకొచ్చింది. తన మాటే తన బిడ్డను ఒంటరిని చేసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఫోను అల్లుడికివ్వమంది.

"బాబూ, తప్పు నాదే. మా కాడ కాన్పప్పుడు మగోళ్లు గుమ్మం అవతలే ఉంటారు. మీరు ఉండకండి. డాక్టరమ్మని అడిగి లోపలికెల్లండి. అది కసిరినా, గోళ్లతో రక్కినా దాని సెయ్యి అట్టుకునే ఉండండి, ఒగ్గీకండి."

"అలాగే అత్తయ్యా."

"అలాగే కాదు, ఒట్టెయ్యండి. నేనుంటే ఒగ్గుదునా?"