గుమ్మమువైపు తిరిగిన బూట్లు

వైశాఖమాసాంతమున ప్రచండమార్తాండకిరణదగ్ధమైన కొండవీధి జనశూన్యమై యుండ, దుమ్ముసహితము లేచుటకు బద్ధకించుచుండెను. ఆ వీధి చివర, పూర్వము జమీందారులకు నాట్యశాలయై, పిదప దొరలకు నాయుధాగారమై, యిప్పుడు పటాలపు మ్యూజియమై, మూడు కొలువులు చేసి యలసిన సున్నపుమేడ యొకటి కలదు. దాని పదునెనిమిది మెట్లను మోకాళ్లు పట్టుకొని యెక్కిన అప్పలనరసమ్మ యను వృద్ధ ద్వారమునొద్ద చతికిలబడెను.

ఆమె పెనిమిటి సింహాద్రి యా పటాలపు సిపాయి. ముప్పదియాఱేండ్ల క్రిందట హిమవత్పర్వతసీమను గస్తీకేగి మంచుతుపానులో నదృశ్యుడయ్యెను, శవము దొరకలేదు. అట్టివాని పేరును భార్య యొప్పుకొననిదే మృతవీరుల శిలాఫలకమున చెక్కింపకుండుటయు, అంతవఱకు నతని కొలతకు సరిపడు బూట్లజతను పటము క్రింద నుంచి ప్రతి శనివారము మెఱుగుపెట్టుటయు నచటి యాచారము. సమ్మతి కోరుచు పటాలమునుండి ఏటేట వచ్చు నుత్తరమునకు నామె కాదని బదులు వ్రాయించుచు, బొట్టు చెఱుపుకొనక, ఎదురుచూచి యెదురుచూచి విసిగిపోయెను. నిజము చెప్పవలెనన్న, దుఃఖముకంటె నాశయే యామెను ఎక్కువ నలగగొట్టెను. నేడు వ్రేలిముద్ర వేయుటకే వచ్చెను.

మ్యూజియము కాచుకొనియుండు విశ్రాంత సుబేదారు బంగారునాయుడు మంచినీళ్లిచ్చి కాగితము ముందుంచెను.

"మరోపాలి ఆలోసించుకో వదినా. ఏలుముద్ర పడితే పేరు రాయెక్కిపోద్ది."

"ఆలోసించీ ఆలోసించీ అలిసిపోనాను బాబూ. ఇంక నా వల్ల కాదు" అని యామె ముద్ర వేసెను.

పిదప నామె కోరగా నాయుడు పటమున్న గదికి తోడ్కొనిపోయెను. పటము క్రింద నల్లగా నిగనిగలాడుచున్న బూట్లను ఆమె చూచెను.

"ఇవి గుమ్మంకేసి తిప్పెట్టినారేటి?"

"సిపాయి బూట్లు కదా వదినా, బయిల్దేరడానికి సిద్ధంగా ఉండాల. మా పద్ధతి."

"ముప్పయ్యారేళ్లూ ఇలాగేనా?"

"ఇలాగే."

"అందుకే మీ అన్న ఇంకా ఎల్తానే ఉన్నాడు."

ఆమె వంగి, ఆ బూట్లను రెంటిని లోపలికి, గోడవైపునకు, త్రిప్పి పెట్టెను. "ఇంటికొచ్చినోడి జోళ్లు ఇలాగుంటాయి" అని చెప్పి, యేడ్చి, కన్నులు తుడుచుకొని, వచ్చిన మెట్లే మెల్లగా దిగిపోయెను.

మఱుమాసమున సింహాద్రి పేరు ఱాతికెక్కెను. అంతట బూట్లను సామానుకొట్టులోనికి చేర్పవలసియుండెను గాని నాయుడు చేర్పలేదు, త్రిప్పలేదు, మెఱుగు పెట్టుటయు మానివేసెను. వీధిదుమ్ము వచ్చి వానిపై పేరుకొనుచున్నది. తుడువవేమని యడిగినవారితో నాతడు, అంతదూరమునుండి నడచివచ్చినవాని బూట్లకు దుమ్ముండదా యనును.