చేపల తొట్టి నీళ్లు

పైపు ఒక కొస చేపల తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చింది స్వరూప. ప్రతి ఆదివారం ఇదే పని. కాస్త ఏమరితే నీచునీళ్లు గొంతులోకే. అద్దాలు తోమేది, గులకరాళ్లు కడిగేది, బకెట్లు మోసేది ఆమె. చుట్టాలొస్తే మాత్రం భర్త రామ్‌చందర్ "నా చేపలు, పాణం లెక్క చూసుకుంట" అంటాడు. నడుం నొస్తుందని ఆమె అంటే, "ఇంట్ల కూసునేదానివి, గింత పనికి యాష్టపడుతవేంది?" అంటాడు.

రెండు నెలల కింద ఆ నీళ్లు మోరీలో పోస్తుంటే పక్క డాబా మీంచి సురయ్యా ఆపా కేకేసింది. "అరె పాగల్! గవి మొక్కలకు మస్తు బలం. నా నారుకు చేపల నీళ్లే పోస్త." గోడ మీదుగా గుప్పెడు టమాటా గింజలు కూడా ఇచ్చింది. స్వరూపకు ఒకటే ఫికర్. చేపల రోగం మొక్కకొస్తే? ఆ కాయ తిని బిడ్డ సోనీకి వాంతులైతే? "నీ చేతుల గడ్డి గూడ మొలవది" అని అత్త చంద్రమ్మ ఎప్పుడో అన్నమాట నిజమైతే? అయినా తమ డాబా మీద గింజలు నాటి, వారం వారం చేపల నీళ్లే పోస్తూ, రోజుకు పదిసార్లు ఎక్కి చూసుకుంది. ఇరవై ఏడు మొలిచాయి. జానెడేసి ఎదిగాయి. ఇంట్లో అన్నీ ఆమె చేతి మీదుగా నడిచేవే గానీ, ఆమెవంటూ ఉన్నవి ఆ ఇరవై ఏడే.

ఇవాళ నోట్లో పడ్డ నీళ్లు ఉప్పగా తగిలాయి. ఉమ్మేసి భర్త వైపు తిరిగింది.

"తొట్టిల ఉప్పేసినవా?"

"ఒక చేపకు తెల్ల మచ్చలొచ్చినయ్. నిన్న రెండు పిడికిళ్లు వేసిన." అతని చూపు టీవీ మీంచి కదల్లేదు.

"నాకు చెప్పొద్దా? నారంత సావదా?"

"నీకేం చెప్పాలె? నీళ్లు మార్చేదానివి, డాక్టరువా?"

"మార్చేది నేనే గదా. ఇగ వేసే ముందు చెప్పు."

అతను ఏదో గొణిగాడు, అంతే. ఉప్పునీళ్లు మోరీలో పోసి, మొక్కలకు నల్లా నీళ్లు పట్టింది. ఇన్నేళ్లు నీచు మింగిన నోరే ఇవాళ నారును కాచిందని తోచి, ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు. తర్వాత పన్నెండు మొక్కలు మట్టితో సహా తీసి, పేపర్లో చుట్టి గోడ దగ్గరికి నడిచింది.

"ఆపా, నువ్వు ఆనాడు పిలవకుంటే..."

"అరె, గింతకే ఏడుస్తవా?" సురయ్యా మొక్కలు అందుకుని ఆగింది. స్వరూప గిన్నెడు చక్కెర బదులియ్యాలన్నా మొగుణ్ని అడిగొచ్చే మనిషి మరి. "ఇంటాయనను అడిగినవా?"

స్వరూప కళ్లు తుడుచుకుంది. తనకే నవ్వొచ్చింది.

"అడగాలన్న సంగతే యాదికి రాలే, ఆపా."