దైతారి మహారాణా సంతకం

"ఇవి దైతారి మహారాణా గారి పటాలు. చాలా బాగున్నాయి. మరి నీవి ఏవమ్మా?"

బల్ల వెనక నడిమి కుర్చీలో కూచున్న పెద్దమనిషి పదో పటాన్ని కూడా విప్పి చూసి, దాని కింది మూల మీద వేలు పెట్టాడు. అక్కడ సన్నటి నల్లగీతల్లో దైతారి మహారాణా సంతకం ఉంది. మిగిలిన తొమ్మిదింటి మీదా అదే సంతకం. సెబతి ఆ వేలికేసి చూసింది. తెల్లవారకముందే లేచి, చద్దన్నం నాలుగు ముద్దలు మింగి, రెండు బస్సులు మారి, ఈ ప్రభుత్వ చిత్రకళా కళాశాల వరండాలో నాలుగు గంటలు నిలబడితే, లోపలికి పిలిచి అడిగిన మొదటి ప్రశ్న ఇది.

తలుపు దగ్గరున్న తల్లి కుంతల ముసుగు సర్దుకుని రెండడుగులు ముందుకొచ్చింది.

"అయ్యన్నీ నా కూతురు గీసినవే బాబూ. సంతకమొక్కటే ఆళ్ళ పెదనాన్నది."

"గీసింది ఈ అమ్మాయైతే ఆయనెందుకు సంతకం పెట్టాడు?"

"సంతకం నేని పటానికి ఇలువేటుంటాది బాబూ? మీ ముందర పెట్టాల గదాని మావే అడిగి పెట్టించినాం."

బల్ల వెనక ముగ్గురిలో ఇద్దరు నవ్వారు. 

వాళ్ళకి నవ్వులాటే. పూరీకి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ చిత్రకారుల వీధిలో ఎవరూ నవ్వరు. అక్కడ ఇంటికి పెద్దవాడైన మగాడి సంతకం పడకుండా పటం గడప దాటదు. పాత చీర గుడ్డకి చింతగింజల జిగురు పట్టించి, సుద్ద పూసి, రాయితో రుద్ది రుద్ది అద్దంలా చేసేది ఆడవాళ్ళు. శంఖం నూరి తెలుపు, దీపం మసి పట్టి నలుపు తయారుచేసేది ఆడవాళ్ళు. రంగులు నింపేదీ వాళ్ళే. గీత మాత్రం మగాడు గీయాలి, సంతకం మగాడు పెట్టాలి. అది ఆచారం. ఆరేళ్ళ కిందట దైతారి కుడిచెయ్యికి వణుకు పట్టుకుంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో గీత కూడా కుంతలదీ సెబతిదీ అయింది. దైతారికి మిగిలింది సంతకం. ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని అదొక్కటీ పెడతాడు. ఆ పటం పద్దెనిమిది వేలకి అమ్ముడుపోతుంది. గీసినవాళ్ళకి రోజుకి రెండొందలు. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అన్నారా?

కుంతల మొగుడు నటబర్ కూడా చిత్రకారుడే. అన్న బతికుండగా తమ్ముడి సంతకానికి ధర లేదు కనుక అతను సూరత్ వెళ్ళి మరమగ్గం నడుపుతున్నాడు. నెలకి ఆరువేలు పంపుతాడు.

వారం కిందట సెబతి పది పటాలు ఎంచుకుంది. కుంతల వాటిని పళ్ళెంలో పెట్టి, కొబ్బరికాయా తాంబూలమూ జతచేసి, కూతురి చేత బావగారి ముందు పెట్టించింది. దైతారి పదింటి మీదా ఓపిగ్గా సంతకాలు పెట్టి, పిల్ల నెత్తిన చెయ్యి వేసి దీవించాడు. ఎంత దయగల మనిషని కుంతల ఆ పూట కళ్ళు తుడుచుకుంది. చేజేతులా చేసుకున్నది ఇదీ.

"ప్రాక్టికల్లో అరవైకి నలభై ఏడు వచ్చాయి సార్, మూడో ర్యాంకు," అంది బల్లకి ఎడమవైపున్న పంతులమ్మ. ముగ్గురిలో నవ్వనిది ఆవిడే.

"పోర్ట్‌ఫోలియోకి నలభై మార్కులు మేడమ్. సొంత పని ఉండాలని రూలు. ఇంకొకరి సంతకం ఉన్న బొమ్మలకి నేనెలా మార్కులు వేసేది?"

"ఒక కుంచియ్యండి బాబూ," అంది కుంతల. "ఇక్కడే, మీ కళ్ళెదరే గీస్తాది."

"ఒక్కో పటానికి పది రోజులు పడుతుందని మీరే అంటారు కదమ్మా. బయట నలభై మంది ఉన్నారు." పెద్దమనిషి పటాలు చుట్టేస్తూ మెత్తగా అన్నాడు. "అయినా ఇదంతా వంశపారంపర్యంగా వచ్చే చేతిపని. తరతరాలుగా అదే బొమ్మ. దీనికి డిగ్రీ ఎందుకు? ఇంటిదగ్గర చేసుకుంటే సరిపోదూ?"

కుంతల తలెత్తి చూసింది. ఆ పెద్దమనిషి వెనక గోడకి తమ వీధిలో గీసే రకం నిలువెత్తు పటమే వేలాడుతోంది, బంగారు చట్రంలో. కళాశాలకి గర్వకారణమట. దాని కింద కూచుని ఆయన ఈ మాటంటున్నాడు.

పంతులమ్మ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన చిరాగ్గా తలూపాడు. చివరికి ఆవిడే బయటికొచ్చి సెబతి చేతిలో ఒక కాగితం పెట్టింది.

"ఈ పది బొమ్మలూ నువ్వే గీశావని మీ పెదనాన్న చేత దీని మీద రాయించి సంతకం పెట్టించుకురా. రేపు నాలుగింటికి లిస్టు మూసేస్తారు. ఒక్క నిమిషం దాటినా నా చేతుల్లో ఏమీ ఉండదు."

గేటు బయట మెడలో కార్డు వేసుకున్న కుర్రవాడు ఎదురొచ్చాడు. "సీటు రాలేదా ఆంటీ? మా కాలేజీలో చేర్చండి. ఏడాదికి లక్షా డెబ్బయి వేలే. ఏసీ క్లాసులు. లోను మేమే ఇప్పిస్తాం."

"బొమ్మలు నేర్పేవోళ్ళు ఎందరు?" అడిగింది కుంతల.

"ఇద్దరు."

"పిల్లలో?"

"తొంభై మంది. కానీ కంప్యూటర్లు ఉన్నాయాంటీ!"

ఆ కాలేజీని సెబతి మార్చిలోనే చూసొచ్చింది. మూడు నెలలు ఆ పిల్ల ఫోను పట్టుకుని ఇదే పని చేసింది. దూరవిద్యలో డిగ్రీ పన్నెండువేలకి వస్తుంది, కానీ వేసిన బొమ్మ చూసి తప్పు చెప్పే మనిషి లేడు. ప్రైవేటువాళ్ళ దగ్గర ఫీజులే ఉన్నాయి. ఈ ప్రభుత్వ కళాశాల ఒక్కచోటే ఏడాదికి ఐదువేల నాలుగొందలు, హాస్టలుకి నెలకి తొమ్మిదొందలు, నేర్పడానికి ఎనిమిదిమంది. రాతి మీద గీసి బొమ్మలు అచ్చువేసే యంత్రం ఉంది. ఎదురుగా మనిషిని కూచోబెట్టి గీయించే గది ఉంది. ఉన్నవి ఇరవై నాలుగు సీట్లు. డిగ్రీ ఉంటే బడిలో డ్రాయింగు పంతులమ్మ ఉద్యోగానికి పెట్టుకోవచ్చు. అది తల్లికి చెప్పిన కారణం. అసలు కారణం వేరే. పటాల్లో మనుషులందరూ పక్కకి తిరిగే ఉంటారు. ఎదురుగా చూస్తున్న అమ్మ మొహం గీయబోతే సెబతికి చేతకాలేదు. ఎవరైనా నేర్పితే బాగుండునని అప్పుడు పుట్టింది ఆ కోరిక.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. దైతారి అరుగు మీద కూచుని అటుకులు తింటున్నాడు. తమ్ముడి పెళ్ళాం ముసుగు లేకుండా బావగారి ఎదట పడకూడదు, నోరు విప్పి మాట్లాడకూడదు. ఆ ఇంటికొచ్చిన ఇరవై రెండేళ్ళలో కుంతల ఆయనతో ఒక్క మాట ఆడలేదు. ఏం చెప్పాలన్నా నడుమ ఇంకొకరుండాలి. ఇవాళా తలుపు చాటున నిలబడింది. సెబతి వెళ్ళి కాగితం చూపించింది.

దైతారి రెండుసార్లు చదివాడు. మడిచి పక్కన పెట్టాడు.

"ఇది రాయనమ్మా."

"నాను గీసినానని రాయడానికేటి పెదనాన్నా? నిజవే గదా?"

"నిజవేనే. నాను కాదన్నానా?" ఆయన గొంతులో కోపం లేదు. "ఇది ఆఫీసు కాయితం. రేపొకడు సూస్తాడు, ఎల్లుండొకడు సూస్తాడు. దైతారి పటాలు ఇంట్లో ఆడోళ్ళు గీస్తన్నారని పొక్కిందంటే, పద్దెనిమిది ఏల పటాన్ని పద్దెనిమిది ఒందలకి కూడా ఎవుడూ ముట్టడు."

"ఎవులు గీసినా పటం అదే గదా?"

"పిచ్చిదానా, పటాన్ని ఎవుడు కొంటాడే? పేరుని కొంటారు. ఈ ఇంట్లో పొయ్యి ఆ పేరు మీదే ఎలుగుతంది. మీ అమ్మ కట్టుకున్న కోక కూడా దాని మీదొచ్చిందే." కాస్త ఆగి, జాలి తలచినట్టు అన్నాడు: "కావాలంటే ఇలగ రాసిస్తాను. నా సేతికింద రంగులు నింపిందని. పోన్లెమ్మని ఆళ్ళే సేర్చుకుంటారు."

తలుపు చాటునుంచి కుంతల "ఒద్దు" అని గట్టిగానే అంది. కూతురితోనే అంది. దైతారి వినిపించుకోనట్టు అటుకుల్లో బెల్లం కలుపుకున్నాడు.

మర్నాడు తొమ్మిదిన్నరకి భువనేశ్వర్ నుంచి పెద్ద హోటలు మేనేజరు కారులో దిగాడు. పన్నెండడుగుల రాసలీల పటం అతని హోటలుకే. మూడు లక్షల ఇరవై వేలు బేరం, లక్ష ముందే ముట్టింది. నాలుగు నెలలు తల్లీ కూతుళ్ళు నడుములు విరగ్గొట్టుకుని చేశారు. కళ్ళు తప్ప అంతా అయింది. కళ్ళు ఎప్పుడూ ఆఖర్నే.

"గురువుగారూ, మీరు కళ్ళు గీస్తుంటే వీడియో తీసుకుంటాను. లాబీలో వేస్తాం," అన్నాడు మేనేజరు.

"తగదు బాబూ. కళ్ళు పెట్టడమంటే పేణం పొయ్యడం. తలుపేసుకుని, ఒంటరిగా, మడిగా చెయ్యాల. మా తాతల కాడ్నించి అదే నియమం."

తాతల కాలంలో అలాంటి నియమమేదీ లేదు. ఆరేళ్ళ కిందట చెయ్యి వణకడం మొదలైనప్పుడు పుట్టింది. మేనేజరు భక్తిగా చెప్పులు విప్పి అరుగు మీద చేతులు కట్టుకు కూచున్నాడు. దైతారి లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు. గదిలో పటం పరిచి ఉంది. కృష్ణుడు, రాధ, చుట్టూ గోపికలు, యాభైమూడు మొహాలు, అన్నీ గుడ్డివి. కుంతల మొహం మీదికి ముసుగు లాక్కుని పటం ముందు కూచుని ఉంది. పక్కన కొబ్బరిచిప్పలో నలుపు, ముంగిస వెంట్రుకల కుంచె.

"ఊఁ, కానీమను," అన్నాడు దైతారి సెబతికేసి చూసి.

కుంతల కదల్లేదు.

"బస్సెన్నింటికి?" అని కూతుర్ని అడిగింది.

"పదకొండుకొకటి ఉందమ్మా. అది పోతే నాలుగింటికి అందుకోనేం."

కుంతల లేచింది. కొంగు జారింది. సర్దుకోలేదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ మనిషి మొహంలోకి తిన్నగా చూసింది.

"బావగారూ."

దైతారి చెంపదెబ్బ తిన్నవాడిలా ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆ కాయితం రాసియ్యండి. రాసిస్తే కళ్ళు పెడతాను."

"ఏటిది?" ఆయన సెబతికేసి తిరిగాడు. "మీ అమ్మకి మతిపోనాదేటి? సాయంత్రం రాసిస్తానని సెప్పు. ముందు పని కానీమను."

"నాతో మాటాడండి, నాను ఇక్కడే ఉన్నాను," అంది కుంతల. "సాయంత్రానికి ఆ కాలేజీ తలుపు మూసేస్తారు. మీకూ తెలుసు. ఆరేళ్ళు గీసినాను, నోరెత్తినానా? నా మొగుడు సూరత్‌లో దూది మింగతన్నాడు, అడిగినానా? నా పేరు ఎక్కడా నేదు, పోనీ అనుకున్నాను. నా కూతురి పేరు కూడా మీరే తినీసి, రంగులు నింపే కూలిదని రాసిస్తారా? రెండొందలిచ్చి సేతులు కొనుక్కున్నారు. దాని సదువు కూడా అందులోనే కలిపీసినారా?"

"మెల్లిగా!" దైతారి తలుపుకేసి చూశాడు. "బయటోడికి ఇనపడతాది. ఇల్లు ఒదిలి పోవల్సొస్తాది, ఆలోసించుకో."

ఆ మాట ఆమెతోనే అన్నాడు. నడుమ ఎవరినీ పెట్టుకోలేదు.

"పోతాను. అద్దెకొక గది సూసుకుంటాను. నాకు పని తెలుసు, మీకే తెల్దు." కుంతల కుంచెను నలుపులో ముంచి ఆయన కుడిచేతిలో పెట్టింది. "మీ పటం ఇది. మీ సంతకం పడతాది. మీరే పెట్టుకోండి కళ్ళు."

చెయ్యి వణికింది. ఎడంచేత్తో మణికట్టు పట్టుకున్నాడు. అయినా వణికింది. సంతకమైతే వంకర పోయినా సంతకమే. కన్ను అలా కాదు.

"గురువుగారూ, అయిందాండీ?" బయటినుంచి మేనేజరు భక్తిగా పిలిచాడు.

కుంతల వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. దైతారి తల అడ్డంగా ఊపాడు. తరవాత చూపులతో బతిమాలాడు. అప్పటికీ ఆ నోటినుంచి రాసిస్తానన్న మాట రాలేదు. సెబతి కాగితమూ కలమూ పట్టుకుని ఆయన ఎదట నిలబడే ఉంది.

కుంతల తలుపు బార్లా తీసింది.

"రండి బాబూ, లోనికి రండి," అంది మేనేజరుతో. "ఫోనులో ఈడియో తీసుకుంటానన్నారు గదా, తీసుకోండి. మా బావగారు కళ్ళు పెడతన్నారు."

మేనేజరు ఫోను ఎత్తి పట్టుకుని గడప దాటాడు. దైతారి కృష్ణుడి మొహం మీదికి వంగాడు. కుంచె కొసన నల్లటి చుక్క ఊరి, బరువెక్కి, కిందికి సాగుతోంది.