గీయగా మిగిలిన నీళ్ళు

ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక పళ్ళావిడ చేసే పనులకి ఒక వరుస ఉంది. గదిలో పరిచిన చాప చుట్టి బీరువా మీద పెడుతుంది. కరెంటు తీగల బాక్సుని గోడకున్న మేకుకి తగిలిస్తుంది. చెప్పులు, పాత పేపర్లు, తడిస్తే పాడయ్యేవి ఏవున్నా మంచమెక్కిస్తుంది. ఈలోపు వాళ్ళ నాన్న పైజామా మోకాళ్ళ దాకా మడుచుకుని, కంప్యూటరు బల్ల పక్కన తన కుర్చీలో కూర్చుని, పాదాలు రెండూ నేలకి ఆనించి ఎదురుచూస్తుంటాడు. అప్పుడామె కంప్యూటరు ఆన్ చేసి, హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఓడెక్కుతుంది.

ఓడ రేవు దాటి సముద్రంలోకి వెళ్ళేసరికి బల్ల కింది కంప్యూటరు డబ్బా అడుగు నుంచి నీళ్ళు రావడం మొదలవుతుంది. ముందు సన్నగా, తర్వాత ధారగా. చీలమండలు మునిగేదాకా వచ్చి ఆగుతాయి. ఆట ముగిసి కంప్యూటరు ఆపితే వచ్చిన దారినే పోతాయి. తర్వాత గదిని ఒకసారి తుడుచుకుంటే చాలు.

పళ్ళావిడ అన్నది వీధిలోవాళ్ళు పెట్టిన పేరు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైనపు చిగుళ్ళలో ఒక్కో పన్నూ గుచ్చుతూ, వంకరుంటే పీకి మళ్ళీ గుచ్చుతూ గడుపుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా అడిగి అడిగి అలిసిపోయారు. నలభైల చివర్లో ఉన్న మనిషి కంప్యూటరు ఆటలాడుతుందని ల్యాబులో ఎవరికీ తెలీదు. ఇంటికెళ్ళి ఏం చేస్తావంటే "ఏముంది, టీవీ" అంటుంది.

నాన్న ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. "ఈ ఊళ్ళో నా అంత పైకెక్కినవాడు లేడు. దిగినవాడూ లేడు" అని ఆయనే నవ్వుతాడు. ఇప్పుడుండేది లిఫ్టు లేని భవనంలో, మూడో అంతస్తులో. షుగరు వల్ల అరికాళ్ళు మండుతాయి. మందులు వాడారు, నూనెలు రాశారు, కుళాయి నీళ్ళ బకెట్లో పెట్టి చూశారు. దేనికీ తగ్గని మంట కంప్యూటరు నీళ్ళలో పెడితే తగ్గింది. డాక్టరుకి చెబితే ఆయన చీటీ రాస్తూనే అడిగాడు.

"మంచినీళ్ళా, ఉప్పునీళ్ళా?"

"సముద్రం ఆట కదండీ, ఉప్పే."

"మంచిదే. ఆట అయ్యాక వేళ్ళ మధ్య పొడిగా తుడవండి. కంప్యూటరు షాపువాళ్ళు మార్చమంటే మాత్రం నన్నొకసారి అడగండి."

ఆమె అడగలేదు. ఈ కథంతా అక్కడే వచ్చింది.

ఆటలో ఆమె కెప్టెన్. జట్టులో మిగతావాళ్ళ అసలు పేర్లేంటో, ఎక్కడుంటారో ఎవరికీ తెలీదు, గొంతులు మాత్రమే తెలుసు. గుడ్లగూబ అని ఒకావిడ, ఆస్పత్రిలో నైట్ డ్యూటీ నర్సు. మెరుపు అని ఒకతను, నోరు కూడా ఆ పేరుకి తగ్గట్టే. వాళ్ళు "కెప్టెన్, ఎటు తిప్పమంటారు?" అని అడుగుతారు. ల్యాబులో ఆమెని "ఆ ట్రే ఇలా ఇయ్యి" అనేవాళ్ళే తప్ప, ఎటు అని అడిగినవాళ్ళు లేరు.

జట్టుకి పెద్ద పోటీ దగ్గరపడింది. అందులో దిగాలంటే ఆట కొత్త వెర్షన్ కావాలి. దానికి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. ఆమె కంప్యూటరేమో ఆన్ చేసినప్పుడల్లా, తన సిస్టమ్‌కి కాలం చెల్లిపోయిందని, ఇక భద్రత తమది కాదని తెరమీద బోర్డు పెడుతోంది. పైగా గట్టి పోరులో బొమ్మ ఆగిపోతుంది.

"మీ ఓడ ఇంకా నిన్నట్లోనే ఉంది కెప్టెన్. మేం ఇవాళ్టికొచ్చేశాం" అన్నాడు మెరుపు ఆ ఆదివారం.

ఆమె చెవులు వేడెక్కాయి. ఎలాగో ఓడని ఒడ్డుకి చేర్చింది. ఒడ్డు తగలగానే ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ నాన్న గొంతెత్తాడు.

"రెండో అంతస్తు! దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళు పక్కకి జరగండి!"

ఆమె మైకు చేత్తో మూసి వెనక్కి తిరిగింది. "నాన్నా, కాస్త ఊరుకో!"

హెడ్‌ఫోన్లో నవ్వులు పేలాయి. "ఎవరు కెప్టెన్ ఆ తాత?" అన్నాడు మెరుపు. "ఓడకి లిఫ్టు పెట్టించారా ఏంటి?"

"ఎవరో పక్కింటాయనలే. ఊరికే అరుస్తుంటాడు" అందామె.

వెనక నీళ్ళు కదిలిన చప్పుడైంది. నాన్న ఒక పాదం పైకి తీశాడు. తర్వాత రెండోది తీశాడు. తువ్వాలుతో వేళ్ళ మధ్య తుడుచుకుని, కుర్చీ గోడకి జరిపి, బయటికెళ్ళాడు. ఆమె తెరమీంచి చూపు తిప్పలేదు. తిప్పితే ఆయన మొహం చూడాల్సొస్తుంది.

మర్నాడు పొద్దున వంటింటి తలుపు మీద ఎవరో తట్టారు. తలుపు తెరిచే ఉంది. గడప అవతల నాన్న నిలబడున్నాడు.

"అమ్మగారూ, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారాండీ?"

వేళాకోళమనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. నీళ్ళు తాగి, గ్లాసు కడిగిచ్చి, "వస్తానండీ, మీకు శ్రమ" అని వెళ్ళి హాల్లో తన మంచం మీదే కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి అంతే. ఏ గదిలోకి రావాలన్నా తట్టాడు. కూర్చోమంటేగాని కూర్చోలేదు. అన్నం పెడితే "మొహమాటపెట్టేస్తున్నారు" అన్నాడు. కోపంగా అని ఉంటే ఆమె కూడా నాలుగు మాటలని తేల్చుకునేది. మంచి పొరుగువాడు ఎలా ఉండాలో అలా ఉన్నాడు. ఆదివారం వచ్చినా తనంతట తను గదిలోకి రాలేదు. పిలిస్తే వచ్చి, పాదాలు నీళ్ళలో కాసేపు పెట్టి, నోరు మెదపకుండా లేచిపోయాడు. ఓడ మూడుసార్లు ఒడ్డుకి చేరినా ఏ అంతస్తూ రాలేదు.

క్షమించమని అడగడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోట్లోనే నానింది. దాని బదులు ఆమె కంప్యూటర్ల షాపుకి వెళ్ళింది.

షాపావిడ నుదుటికి లైటు కట్టుకుని ఏదో డబ్బాలో తల దూర్చి ఉంది. సంగతి విని తల బయటికి తీసింది.

"నీ గ్రాఫిక్స్ కార్డు ముసలిదైందమ్మా. తెరమీద ఉండాల్సిన నీళ్ళన్నీ అది గీయలేదు. గీయలేక మిగిలినవి ఎక్కడికి పోతాయి? బయటికొస్తాయి. కొత్తది వేశామనుకో, ప్రతి చుక్కా గీస్తుంది. నీ నేల పొడిగా ఉంటుంది."

"సిస్టమ్ ఒక్కటే మార్చి కార్డు ఉంచేస్తే?"

"కొత్త సిస్టమ్ ఈ కార్డుని గుర్తుపట్టదు, వాకిట్లోనే నిలబెట్టేస్తుంది. మారిస్తే రెండూ మార్చు. లేదంటే రెండూ ఉంచు. ఇంట్లో మాట్లాడుకుని రా."

ఇంటికొచ్చి అడిగింది. "కొత్త కార్డు వేయిస్తే నీళ్ళు రావట నాన్నా. ఏం చేద్దామంటావ్?"

వద్దంటాడని, అంటే బాగుండునని ఆమెకి ఆశ. ఆయన మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"మీ ఇంటి విషయం నన్నడుగుతారేంటండీ? ఇరుగుపొరుగువాళ్ళం, మా మాటేముంది. వేయించుకోండి. చాప మాటిమాటికీ చుట్టే పని తప్పుతుంది."

అది ఒప్పుకోవడం కాదని ఆమెకి తెలుసు. తెలిసీ, ఒప్పుకున్నాడన్నట్టే తీసుకుంది. నీళ్ళు లేకపోతే ఆయన ఆ గదిలో కూర్చోడు, కూర్చోకపోతే అరవడు అన్న ఆలోచన కూడా లోపల ఓ మూల ఉంది. దాన్ని చూసీ చూడనట్టు దాటుకుని వెళ్ళి కొత్త కార్డు, కొత్త సిస్టమ్ వేయించుకుని వచ్చింది. పాత కార్డు షాపావిడే ఉంచుకుంది.

కొత్త సముద్రం చూసి ఆమె తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. అలల్లో ఎండ ముక్కలు ముక్కలుగా మెరిసింది. ఓడ తెడ్డు మీంచి జారే బొట్టు కూడా కనిపించింది. పోటీలో జట్టు మొదటి మెట్టు దాటింది, రెండోదీ దాటింది. "ఇప్పుడొచ్చారు కెప్టెన్ ఇవాళ్టికి!" అని మెరుపు ఈల వేశాడు. ఆమె వంగి బల్ల కిందికి చూసింది. నేల ఎండిపోయి ఉంది. ఇన్నాళ్ళూ నీళ్ళకి కొట్టుకుపోయిన దుమ్ము డబ్బా చుట్టూ పేరుకుంటోంది.

ఒక సాయంత్రం ల్యాబు నుంచి తొందరగా వచ్చింది. హాల్లో నాన్న లేడు. స్నానాలగది తలుపు వారగా తెరిచి ఉంది. ఆయన తిరగేసిన బకెట్ మీద కూర్చుని, అరికాళ్ళు రెండూ ఎదుటి గోడ పలకలకి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. చల్లదనం అయిపోయిన చోటు నుంచి పాదాలు ఇంకాస్త పక్కకి, ఇంకాస్త పక్కకి జరుపుతున్నాడు. అడుగుల చప్పుడు విని గభాల్న చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"ఏం లేదండీ. కుళాయి కారుతోందేమోనని చూస్తున్నా."

ఆమె వంటింట్లోకెళ్ళి, అప్పటికే కడిగున్న గిన్నెలు మళ్ళీ కడిగింది.

పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. మర్నాడు మెట్ల మీద ఎదురై ఆపేసింది.

"మీ నాన్నగారు మా ముందుగది అద్దెకడిగారు, నీకు తెలుసా? ఇదేం చోద్యం బాబాయిగారూ అంటే, 'నేనెలాగూ పక్కింటివాణ్ణే కదమ్మా, పక్కింట్లో ఉంటేనే పద్ధతిగా ఉంటుంది' అన్నారు. ఆదివారం వస్తారట. ఇవ్వనంటే వీధి చివర చూసుకుంటానంటున్నారు. నన్నేం చెయ్యమంటావ్?"

"ఇవ్వకండి" అనే హక్కు తనకి ఉందో లేదో ఆమెకి తెలియలేదు. "అడుగుతాను" అని మెట్లెక్కేసింది.

అడగలేదు. ముందు చెప్పాల్సింది ఇంకోచోట ఉంది. ఆ సాయంత్రం జట్టంతా ఉన్నప్పుడు మైకు దగ్గరికి లాక్కుంది.

"ఆ రోజు రెండో అంతస్తు అని అరిచింది పక్కింటాయన కాదు. మా నాన్న. అబద్ధం చెప్పాను."



"మాకు తెలుసు కెప్టెన్" అంది గుడ్లగూబ మెల్లగా. "'నాన్నా, కాస్త ఊరుకో' అన్నారుగా. చేత్తో మూస్తే మైకు ఆగదు."

"తెలిసీ ఎవరూ అనలేదేం?"

"మీరు మీ నాన్నని పక్కింటాయన అంటుంటే, కాదని మేమెలా అంటామండీ? అది మీ ఇంటి సంగతి."

నమ్మించాలనుకున్నవాళ్ళు ఒక్క క్షణం కూడా నమ్మలేదన్నమాట. ఆ అబద్ధాన్ని నమ్మినట్టు నడుచుకున్నవాడు ఆయనొక్కడే. ఆమెకి తల తీసి బల్లమీద పెట్టేయాలనిపించింది.

"నేనిక ఈ సముద్రంలోకి రాను" అంది చివరికి. "పాత కార్డుకి వెళ్ళిపోతున్నాను. మెరుపూ, ఫైనల్లో చుక్కాని నువ్వు పట్టుకో. నోరు కాస్త తగ్గించుకుంటే నడపగలవు."

"సరే కెప్టెన్" అన్నాడు మెరుపు, అంతే.

షాపావిడ పాత కార్డుని ప్లాస్టిక్ టబ్బులో పెట్టి ఉంచింది. "తీసుకుపో తల్లీ! ఒకసారి పరీక్షగా తగిలించి చూశా, కింది అరలో కీబోర్డులన్నీ నానిపోయాయి" అంది. తర్వాత నుదుటి లైటు ఆర్పి సూటిగా చూసింది. "ఒక మాట విను. పాత సిస్టమ్‌కి ఇప్పుడు కాపలా లేదు. ఇంటర్నెట్ తీగ పెట్టావంటే ఎవడైనా దూరతాడు. తీగ పీకేసి ఆడుకో. జట్టూ గిట్టూ ఉండదు, సముద్రంలో నువ్వొక్కదానివే. మరి సరేనా?"

"సరే." పాత కార్డు, పాత సిస్టమ్ మళ్ళీ వేయించుకుని ఇంటికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం నాన్న రేకుపెట్టె బయటి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. కుట్టుపనావిడ గది ఊడ్చి పిలిచేదాకా ఆయన దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె చాప చుట్టింది. బాక్సు మేకుకి తగిలించింది. ఇంటర్నెట్ తీగ పీకి సొరుగులో పడేసింది. ఆయన్ని పిలవడానికి నోరు రాలేదు. కుర్చీ లాక్కుని ఓడెక్కింది.

అంత పెద్ద సముద్రంలో ఒక్క ఓడే ఉంది. పిలిచే గొంతు లేదు. ముసలి కార్డు మూలుగుతూ గీయగలిగినంత గీసింది, గీయలేనిది వదిలేసింది. నీళ్ళు ఎప్పుడూ రానంతగా వచ్చాయి. గది గడప దాటాయి, హాల్లోకి పోయాయి, వంటింటి మలుపు తిరిగాయి. ఆమె వెనక్కి తిరగలేదు.

కాసేపటికి ఆమె కుర్చీ కాలికి ఏదో టంగుమని తగిలింది. రేకుపెట్టె. బయటి గుమ్మం నుంచి నీళ్ళమీద తేలుతూ వచ్చి అక్కడ ఆగింది. దాని వెనకే పైజామా మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని నాన్న వచ్చాడు. తెరిచున్న తలుపు మీద తట్టాడు.

"అమ్మగారూ, మా పెట్టె ఇటొచ్చిందండీ."

"వచ్చింది."

"పట్టుకోబోయాను. ఆగలేదు."

"నాన్నా, ఆ రోజు నేను..."

"కాళ్ళు చల్లగా ఉన్నాయి" అన్నాడాయన. "కాసేపాగండి."

కూర్చోమనకుండానే గోడ దగ్గరున్న తన కుర్చీలో కూర్చున్నాడు. ఓడ చాలాసేపు నడిచింది. ఒడ్డు కనపడింది, దగ్గరైంది, తగిలింది. ఆమె ఎదురుచూసింది. వెనక నుంచి ఏ కేకా రాలేదు. ఆఖరికి, ఎవరూ వినని ఆ మైకు ముందు, ఆమే గొంతు పెద్దది చేసింది.

"రెండో అంతస్తు! దిగేవాళ్ళు దిగండి!"

 నీళ్ళు గోడలకి కొట్టుకుని వెనక్కొచ్చాయి.

"రెండెప్పుడో దాటిపోయింది" అన్నాడు నాన్న విసుగ్గా. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు, పరాకు తగ్గించుకోమని? ఇది మూడు. మనం దిగేది ఇక్కడే."

ఆమె తల ఎత్తలేదు. తెరమీదే చూపు పెట్టి ఓడకి తాడు కట్టింది. ఆయన కాలితో పెట్టెని మెల్లగా తోశాడు. అది తేలుతూ గది దాటి, హాల్లో ఆయన మంచం కిందికి వెళ్ళి ఆగింది.