ముందు సంతకాలు

రేవుపేట బడికి తల్లిదండ్రుల కమిటీ వేసిన రోజున పేటలో వయసులో ఉన్న మగవాడనేవాడు లేడు. వినాయక చవితి ఇంకా వారం ఉందనగా అందరూ మూటలు కట్టుకుని గుజరాతులో వెరావల్ రేవుకి పడవల మీద పనికి పోయారు. మళ్లీ రావడం ఎండల్లో వేట ఆపినప్పుడే. అందుకని జగన్నాధం మాస్టారు బడి వరండాలో చాప పరిచి తల్లులనే కూర్చోబెట్టారు.

"చైర్మన్‌గా ఎవరుంటారమ్మా?" అని అడిగితే ఆడవాళ్లు ఒకరి భుజం ఒకరు పొడుచుకున్నారు.

"మా కూర్మప్పని ఎట్టీండి బాబూ," అంది చిన్నతల్లి. "దాని నోటికి జడిసైనా గుంటపిల్లలకి గుడ్డు ముక్కలు సెయ్యకుండా ఎడతారు."

అందరూ నవ్వి చేతులెత్తారు. వాళ్లు కూర్మప్ప అని పిలిచే కూర్మమ్మ మాత్రం నవ్వలేదు. అదే బడిలో ఆమె అయిదు దాకా చదివింది. ఇప్పటికీ బస్సు మీద బోర్డు కూడబలుక్కుని చదవగలదు. శ్రీకూర్మం స్వామి పేరు పెట్టుకున్న మనిషి, శనివారం దీపం పెట్టనిదే నోట్లో నీళ్లు పోసుకోదు. ఇచ్చిన పని ఏదైనా దేవుడిచ్చిన పనే అనుకునే రకం. ఆ రోజు ఇంటికొచ్చి, ఫోనులో మొగుడు గంగులుకి చెబితే, అతను అక్కణ్ణుంచి "ఓలమ్మో, చైర్మను మొగుణ్ణైపోనాను!" అని వెక్కిరించాడు.

కమిటీ పని ఆమె వంటపనిలాగే చేసుకొచ్చింది. బడిలో సాంబారు దించగానే తను ఒక గరిటె చేతిలో పోయించుకుని రుచి చూసేది. తుపానుకి బడి ముంగిట మోకాల్లోతు ఇసక పేరుకుంటే, ఆదివారం నాడు పదకొండు మంది తల్లుల్ని చేపల తట్టలతోనే తీసుకుపోయి ఎత్తించేసింది. బడి కబుర్లన్నీ ఆటోలో చెప్పేది. నౌపడ స్టేషనుకి చేపలతో పోయే ఆటోలో తొమ్మిదిమంది ఆడవాళ్లు, తొమ్మిది తట్టలు. ఉప్పుమళ్లు దాటేలోగా కబుర్లు అయిపోవాలి.

"ఒసే, ఇనండి. సోమారం బట్టల కొలతలు తీస్తారట. గుంటలకి తల దువ్వి పంపండి. శుక్రారం టీకా. పదిహేనో తారీకు జెండాకి ఇంటికి గుప్పెడు పూలు."

"కొలతలకి తలెందుకే, టోపీ కుడతారేటి?" అని వెనకనుంచి ఎవరో.

ఇబ్బంది ఒక్క మీటింగుతోనే వచ్చింది. మొదటి శనివారం పదిగంటలకు మీటింగు పెట్టాలని పైవాళ్ల నిబంధన. పక్క ఊళ్ల పడవలు ఏడింటికి ఒడ్డుకొస్తాయి. వేలంపాట పాడి చేప కొని, కడిగి, తట్టకెత్తేసరికి ఎనిమిదిన్నర. తొమ్మిదింటి రైలుబండి తప్పితే బజారు పోయినట్టే. పదిగంటలకు పేటలో ముసలివాళ్లు, కుక్కలు తప్ప ఎవరుంటారు? మొదటి రెండు మీటింగులకూ కూర్మమ్మ బేరం మానుకుని పోతే, అక్కడ మాస్టారు, వెంకటరావు తప్ప ఎవరూ లేరు. వెంకటరావుది పేట మొదట్లో కిరాణా కొట్టు. ఆయన మనవలు కాన్వెంటు వ్యానులో పోతారు గానీ, చదువుకున్న పెద్దమనిషి ఒకరుండాలని ఆయన్ని కమిటీలో వేసుకున్నారు. పిల్లలకి స్టీలు కంచాలు కొనిచ్చింది కూడా ఆయనే.

"మంది లేకపోతే తీర్మానం చెల్లదమ్మా," అన్నారు మాస్టారు. "కుళాయి కావాలని రాయాలి. ఎలా?"

దారి చూపింది కూర్మమ్మే.

"మీటింగు బుక్కు మా కాడికే పట్టుకొచ్చీండి మాస్టారూ. ఆటో కాడ సంతకాలు ఎట్టేస్తాం. రాసీది మీరు ఆనక రాసుకోండి."

"ఖాళీ కాగితం మీదా? అలా చెయ్యకూడదమ్మా."

"మీరేటి, మా ఆస్తులు రాసీసుకుంటారేటి?"

మాస్టారు నవ్వేశారు. ఆ నెల నుంచి మొదటి శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆయన స్కూటరు ఆటో పక్కన ఆగేది. ఆడవాళ్లు తడిచెయ్యి చీరకి తుడుచుకుని, కాగితం అడుగున వరసగా సంతకాలు, వేలిముద్రలు పెట్టేవాళ్లు. పై సగం తెల్లగా ఉండేది. అలా రెండేళ్లు గడిచాయి. కుళాయి వచ్చింది. మరుగుదొడ్డికి తలుపు వచ్చింది. వంటకి పొగ పోయే రేకుల షెడ్డు వచ్చింది. ఒక్కసారి కూడా ఎవరూ ఆ పుస్తకం తెరిచి చూపించమనలేదు.

మూడో ఏడు జూన్‌లో బళ్లు తెరిచిన రోజు, కూర్మమ్మ కూతురు సింధూరి పొద్దున ఎనిమిదికే సంచి భుజాన వేసుకుని పోయినది పోయినట్టే తిరిగొచ్చింది.

"అమ్మా, బడికి తాళం ఎట్టీసి ఉన్నాది. మాస్టారు మేపులు ఆటోలో ఎక్కించేత్తన్నారు."

కూర్మమ్మ చేతిలో చేప చేతిలోనే ఉంది. అలాగే పరుగెత్తింది. బడి గుమ్మం దగ్గర దేశపటాలు చుట్టలు చుట్టి కట్టేసి ఉన్నాయి. మాస్టారు ఆమెను చూసి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"టౌను బడిలో కలిపేశారమ్మా. నన్నూ అక్కడికే వేశారు. పిల్లలు పంతొమ్మిది మందే కదా."

టౌను బడి అంటే పెద్దరోడ్డు దాటాలి, రైలు పట్టాలు దాటాలి. రెండు కిలోమీటర్లకి పైనే. ఒకటో తరగతి పిల్లలు చెయ్యి వదిలితే ఇసకలోనే పడతారు.

"ఎవలు కలిపీమన్నారు మాస్టారూ? మమ్మల్ని ఒక్క మాటైనా అడగక్కర్నేదేటి?"

"మీ తీర్మానం ఉంది కదమ్మా," అన్నారాయన నెమ్మదిగా.

పుస్తకం తెరిచి ఇచ్చారు. కూర్మమ్మ కూడబలుక్కుంది. ఫిబ్రవరి మొదటి శనివారం తేదీ ఉంది. పిల్లల మేలు కోరి ఈ పాఠశాలను పట్టణ పాఠశాలలో కలుపుటకు తల్లిదండ్రులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారని మాస్టారి గుండ్రటి అక్షరాలు. కింద మొదటిది తన సంతకమే. ఆ పక్కన చిన్నతల్లి వేలిముద్ర, దాని మీద ఎండి అంటుకుపోయిన చిన్న చేప పొలుసు.

"మాకు సెప్పనేదు," అంది.

"చెబుదామనే వచ్చానమ్మా ఆవేళ. ఆటోవాడు హారను కొడుతున్నాడు. 'వేగిరం తెండి బాబూ, బండెల్లిపోతాది' అన్నది మీరే. ఏం రాయాలో పైనుంచి కాగితం వచ్చింది. రాయకపోతే నా మీదికి వస్తుంది. నాకూ ఇద్దరు పిల్లలున్నారు."

"బండెల్లిపోతే ఎల్లిపోతాది! ఒక్క కేక ఎయ్యలేకపోనారా మాస్టారూ?"

ఆయన తలెత్తలేదు. "కుళాయికి రాసినప్పుడు అడగలేదు. షెడ్డుకి రాసినప్పుడు అడగలేదు. అప్పుడూ చెప్పలేదు కదమ్మా నేను."

కూర్మమ్మ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది. ఇంకొకరైతే అక్కడే కడిగేసేది. మంచివాడే ఆయన. ఆరేళ్లుగా జ్వరమొచ్చిన పిల్లల్ని స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి. మంచివాడు కనకనే ఇంత సులువుగా జరిగింది కాబోలు అనుకుంది.

అక్కణ్ణుంచి తిన్నగా వెంకటరావు కొట్టుకి వెళ్లింది. అందరి కిందా ఆయన సంతకం కూడా ఉంది మరి. ఆయన దేవుడి పటానికి అగరొత్తి తిప్పుతున్నాడు. తిప్పడం అయ్యేదాకా ఆగింది.

"బాబూ, తమరైనా సదివినారా ఆ కాగితం?"

"చదివేనమ్మా. చదవకుండా నేను దేని మీదా సంతకం పెట్టను."

"మరి సెప్పనేదేల?"

వెంకటరావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నా దగ్గరికి వచ్చేసరికి మీ సంతకాలన్నీ పడిపోయున్నాయి. మీ పిల్లలు, మీ బడి. మీకిష్టమే కాబోలు, టౌనులో ఇంగ్లీషు చెబుతారని కాబోలు అనుకున్నాను. మధ్యలో నేనెవర్ని కాదనడానికి?"

ఆ తీరులో కోపగించుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు. రెండు రోజులు బేరం మానుకుని మండలం ఆఫీసుకి తిరిగింది. మూడో రోజు ఆఫీసరు కనిపించాడు. కుర్రవాడే, మర్యాదగా కూర్చోమన్నాడు. ఫైలు తీసి ఆమె సంతకం ఆమెకే చూపించాడు.

"ఇది మీదేనా?"

"నాదే బాబూ. కానీ అది రాసీక ముందు ఎట్టినది."

"ఆ మాట కాగితం మీద పెట్టకండి. మాస్టారి ఉద్యోగం పోతుంది, మీ మీదా కేసవుతుంది. మళ్లీ వద్దని తీర్మానం చేసి తెండి, చూద్దాం."

"అలగే బాబూ, రేపే సేసి తెత్తాం."

అతను ఫైలు మళ్లీ తిరగేసి, "కమిటీ లేదమ్మా ఇప్పుడు," అన్నాడు. "బడి ఉంటే కదా కమిటీ ఉండడానికి."

ఇంటికొచ్చేసరికి గంగులు అరుగు మీద వల అల్లుతున్నాడు. వెరావల్ నుంచి వచ్చి నెల దాటింది. "ఏటి చైర్మనుగారూ, అయినాదా?" అన్నాడు. ఆమె ముఖం చూసి కూడా ఆగలేదు. "ఎనిమిది నెల్లు సముద్రం మీద ఉండి నానొక్క పడవ ముంచనేదే. నువ్వు ఒడ్డున కూకోని బడిని ముంచీసినావు."

మర్నాడు ఆటో దగ్గర ఎవరూ ఆమెకి చోటివ్వలేదు. తిట్టలేదు కూడా. తట్టలు దగ్గరికి జరుపుకోలేదు, అంతే. చివరికి చిన్నతల్లే నోరు తెరిచింది.

"మేం వేలిముద్రగాళ్లం. మాకు కళ్లు నేవు. నీకున్నాయి కదే?"

"నాను మోసం సేసినానా చిన్నతల్లీ?"

"అలగ ఎవలన్నారు? నువ్వు సూపిన కాడ మేం ఎట్టినాం. ఇప్పుడు గుంటల్ని పట్టాలు ఎవలు దాటిస్తారు? మేం బండికి పోవాల, మగాళ్లు ఆగస్టుకి ఎల్లిపోతారు. నువ్వే దాటించు."

ఎవరూ కాదనలేదు. కూర్మమ్మ కూడా కాదనలేదు.

అప్పట్నుంచి ఆమె పొద్దుటి బండికి పోవడం మానేసింది. తొమ్మిదింటికి పంతొమ్మిది మందినీ వరసగా నిలబెట్టి, చిన్నవాళ్లని ముందు, పెద్దవాళ్లని వెనక పెట్టి రోడ్డు దాటించేది. పట్టాల దగ్గర గేటు పడితే గూడ్సు పోయేదాకా ఎండలో నిలబెట్టేది. కింద నుంచి దూరిపోదామనే పిల్లల చేతులు పట్టుకుని లాగేది. సాయంత్రం మళ్లీ అదే. మిగిలిన మధ్యాహ్నం పూట ఇంటింటికీ తిరిగి ఎండుచేప అమ్మేది.

శనివారం దీపం పెట్టి చెంపలు వేసుకుందామంటే ఒక్కటే తెలియలేదు. ఏ తప్పుకు వేసుకోవాలి? మనిషిని నమ్మితే తప్పని ఏ పురాణంలోనూ వినలేదు. నమ్మకం పేరు చెప్పి బద్ధకించడం తప్పేమో. అలాగైతే మాస్టారిది ఏ తప్పు, వెంకటరావుది ఏ తప్పు? స్వామికి అన్నీ తెలుసనే అనుకుంది గానీ, తెలిసినవాడు ఆవేళ ఆ ఆటోని ఒక్క అయిదు నిమిషాలు ఆపి ఉండకూడదా అని కూడా అనిపించింది. అనిపించినందుకు భయపడి ఇంకో వత్తి వేసింది.

ఆషాఢం అయ్యేసరికి వరసలో పద్నాలుగు మందే మిగిలారు. ఇద్దర్ని కాన్వెంటులో వేశారు. ముగ్గుర్ని పలాసలో అమ్మమ్మల ఇళ్లకి పంపారు. వర్షాలు ముదిరాక తొమ్మిదయ్యారు. ఒక రోజు గేటు దగ్గర లెక్కపెడితే చిన్నతల్లి కూతురు భారతి లేదు. మర్నాడూ రాలేదు. నాలుగో తరగతి పిల్ల, లెక్కల్లో మాస్టారి కంటే ముందు జవాబు చెప్పేది.

మూడో రోజు పిల్లల్ని టౌను బడిలో దించి, కూర్మమ్మ తిన్నగా రేవుకి వెళ్లింది. వాన తెరిపిచ్చి ఎండ కాసింది. ఒడ్డున వలలు పరిచి చిన్న నెత్తళ్ల చేపలు ఎండబెడుతున్నారు. భారతి గొంతుక్కూర్చుని అరచేతులతో వాటిని తిరగేస్తోంది. బండి బేరం మాని ఎండుచేపకి దిగిన చిన్నతల్లి అవతల తట్టకి ఎత్తుతోంది.

"పిల్లని పంపవే. నాను దాటిస్తన్నాను కదా."

"నువ్వెన్నాళ్లు దాటిస్తావు? నీకు జొరమొస్తేనో? మొన్న గేటు కింద నుంచి దూరినాదట, ఏటైనా అయితే నానెవలికి సెప్పుకోవాల? నా గుంట నా కళ్ల ముందర ఉన్నాది. సాలు."

"బాగా సదువుతాదే అది."

"నువ్వూ అయిదు సదివినావు కదే, కూర్మప్పా," అంది చిన్నతల్లి. ఎత్తిపొడుపులా కూడా అనలేదు. తట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

కూర్మమ్మ అక్కడే నిలబడిపోయింది. భారతి తల్లి వెళ్లిన వైపు ఒకసారి చూసి, చేతులు ఆపకుండానే నెమ్మదిగా అడిగింది.

"అత్తా, నిన్న బాగహారం సెప్పినారా? మూడంకెలదా?"

కూర్మమ్మకి తెలియదు. ఆమె బడి గేటు దాకానే వెళుతుంది. లోపల ఏం చెబుతున్నారో ఎన్నడూ వినలేదు.

"సింధూరిని అడిగి సెప్తానే," అంది.

"రేపు సెప్పు. మరిసిపోకు."

అటునుంచి చిన్నతల్లి కేక వేసింది. ఆ పిల్ల గబగబా రెండో వల వైపు జరిగి, ఇంకా తడిగా ఉన్న చేపల్ని తిరగెయ్యడం మొదలుపెట్టింది.