పీపాలో మోటారు

పొయ్యి మీద కాఫీ కాగేలోపు తూర్పు ఒడ్డుకి వెళ్లి రాళ్లేరుకుని రావడం ఆ దీవిలో ఆడామగా అందరికీ ఉన్న అలవాటే. అక్కడ ఎవరేం మరిచిపోయినా, రెండు రోజులకో ఇరవై ఏళ్లకో, సముద్రం దాన్ని గులకరాయిగా చేసి తెచ్చి పడేస్తుంది. చేతిలో పట్టుకుంటే రాయి వేడెక్కిందా, అది మనదే. మరిచిపోయిందేదో గుర్తుకొస్తుంది. చల్లగానే ఉంటే ఇంకొకరిది. పరాయి రాయి దొరికినవాళ్లు మధ్యాహ్నంలోపు ఇల్లిల్లూ తిరిగి సొంతదారుకి చేర్చాలి.

టూర్‌బోర్గ్‌కి ఈ వసంతంలో వేడి రాయి ఒక్కటీ దొరకలేదు. ఆమెకి కావలసింది ఒక్కటే, పోయిన మొగుడు ఎలిస్ తమ పడవ మోటారుని ఎలా నడిపేవాడో. ముప్ఫై ఏళ్లు అదే పడవలో మోటారుకి వీపు పెట్టి కూర్చుని వలలు చూసుకుంది గాని, వెనకాల మొగుడి చేతులు ఏం చేస్తున్నాయో చూసింది కాదు. అసలు చూడనిదాన్ని సముద్రం మాత్రం ఎక్కణ్ణించి తెస్తుంది?

మే నెల మొదటి శనివారం పొద్దున ఎనిమిదింటికి సముద్రంలో నల్లబండ దగ్గర, ఆ ఏడు ఎవరు ఎక్కడ వల వెయ్యాలో, వలచోట్లకి చీటీలు తీస్తారు. ఎవరి పడవ వాళ్లే నడుపుకుంటూ రావాలి. ఇంకొకరి పడవెక్కి వస్తే చీటీ లేదు. వరసగా పదేళ్లు రాకపోతే ఆ ఇంటి వాటా పక్కింటికి పోతుంది. ఎలిస్ పోయాక తొమ్మిదేళ్లు ఆమె పట్నంలో బడి వంటశాలలో గరిటె తిప్పింది. ఇప్పుడా పని లేదు. చేపలు పట్టే బతకాలి. ఇది పదో ఏడు. శనివారం రేపే. భుజం పట్టేసింది కాబట్టి తెడ్డు వేసే ఆశ లేదు.

అందుకే నాలుగు వారాల కిందట, పడవల కొట్టంలో గోనె కప్పుకుని వేలాడుతున్న మోటారుని దించి, ఆడించి చూద్దామని నీళ్లు నింపిన పీపా అంచుకి బిగించింది. ప్లగ్గు మార్చింది. కార్బురేటర్ విప్పి మూడుసార్లు కడిగింది. పాలచెంబుతో కొలిచి పెట్రోల్లో నూనె కలిపింది. చేసిందల్లా మరిచిపోతానేమోనని క్యాలెండరు వెనక రాసుకుంది.

తాడు లాగితే ఏడో లాగుకి దగ్గి, పొగ కక్కి, అందుకుంటుంది. సరిగ్గా మూడు నిమిషాలు. ఆపైన గొంతు సన్నబడి ఆగిపోతుంది. ట్యాంకు మూత విప్పితే ఉస్సుమంటుంది. లోపల పెట్రోలు నిండుగానే ఉంటుంది. మళ్లీ బిగించి లాగితే మళ్లీ మూడు నిమిషాలు. నల్లబండ నలభై నిమిషాల దారి.

పక్కింటి వల్‌ఫ్రిడ్ తన రేవు బల్ల మీద కూర్చుని వల కుట్టుకుంటూ రోజూ ఇదంతా వింటూనే ఉన్నాడు.

"ఏం వదినా, ఇవాళ కోడిగుడ్డన్నా ఉడికేంతసేపు ఆడిందా?"

"ఉడికింది. నీ నోట్లో కుక్కడానికే తెస్తున్నా."

"మెత్తగా ఉడికించు. పళ్లు లేవు."

ఆ శుక్రవారం తెల్లచార ఉన్న రాయి ఒకటి దొరికింది. గుప్పిట్లో ఎంతసేపు నలిపినా మంచుగడ్డే. తిరిగి నీళ్లలోకి విసిరేద్దామనుకుంది. ఎవరూ చూడటం లేదు. కానీ చెయ్యి రాలేదు. జేబులో వేసుకుని మోటారు దగ్గరకే వెళ్లింది. పన్నెండుసార్లు లాగింది, నాలుగుసార్లు ఆడింది, నాలుగుసార్లూ చచ్చింది. పీపాని కాలితో తన్నితే కాలే నొప్పెట్టింది.

పొద్దెక్కిపోతోంది. తిట్టుకుంటూ బయల్దేరింది. పోస్టు చూసే యోర్దిస్ చేతిలో చల్లగానే ఉంది. చర్చి గంట కొట్టే ముసలాయన చేతిలోనూ అంతే. చివరికి మిగిలింది వల్‌ఫ్రిడ్.

"నీదేమో చూడు. కాదంటే సముద్రంలో పారేస్తా, ఇంక తిరిగే ఓపిక లేదు."

అతను రాయి అందుకున్నాడు. దాని తడి ఆవిరై లేచింది. వల మీది చెయ్యి ఆగిపోయింది. తలెత్తి పీపా వైపు చూశాడు. తర్వాత పడమటి పాయ వైపు చూశాడు. ఎలిస్ చివరిసారి వల వేసింది అక్కడే. రేపు ఎనిమిది దాటితే ఆ ఇంటి వాటా వల్‌ఫ్రిడ్‌దే.

"ఏమిటది?" అంది టూర్‌బోర్గ్.

అతను రాయిని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తేలికగా, ఏదో పాత పాట గుర్తొచ్చిందనెయ్యొచ్చు. రాయిలో ఏముందో ఇంకెవరికీ తెలియదు.

"ఎలిస్‌ని ఆస్పత్రికి తీసుకెళ్లిన ఏడు మోటారు దించి కొట్టంలో పెట్టింది నేనే," అన్నాడు చివరికి. "ట్యాంకు మూతకి సూది దూరేంత బెజ్జం ఉంటుంది. చెమ్మ దిగకుండా దాన్ని మైనంతో మూసి, పైన రంగు పూశాను. నువ్వు వచ్చాక చెప్తాలే అన్నాను వాడితో. వాడు రాలేదు."

"అయితే?"

"గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు వదినా. మూత విప్పినప్పుడల్లా కాస్త గాలి మింగి, అది ఉన్నంతసేపే ఆడుతోంది."

"నాలుగు వారాలు, వల్‌ఫ్రిడ్. నాలుగు వారాలుగా ఆ పొగ తాగుతున్నాను."

"మరిచిపోయాను."

అబద్ధం కాదు. రాయి ఇంకా అతని అరచేతిని కాలుస్తూనే ఉంది.

ఆమె శాలువా పిన్ను తీసి తనే పొడిచింది. నల్లటి మైనం పెళ్లగా ఊడొచ్చింది. మూడో లాగుకే మోటారు అందుకుంది. మూడు నిమిషాలయింది. నాలుగయింది. పదీ అయింది. ఇద్దరూ పీపాకి చెరోవైపు నిలబడి విన్నారు. తర్వాత అతను ఆ రాయిని నీళ్లలోకి విసిరేసి వల కుట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

శనివారం సగం దారిలో ఆమెకి క్యాలెండరు బల్ల మీదే మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి తిరగలేదు. ఒక చెయ్యి మోటారు మీదే ఉంది.

నల్లబండ దగ్గర పదకొండు పడవలు చేరి ఉన్నాయి. చీటీల టోపీ ఈ ఏడు వల్‌ఫ్రిడ్ చేతిలో ఉంది.

"ఎన్ని నిమిషాలు?" అన్నాడు.

"నలభై రెండు."

"మెల్లగా నడుపుతావు," అని టోపీ ముందుకి చాపాడు.